బూదన్న పేడ వేయలేదు

తిమ్మరాయప్పకు పొద్దున్నే లేవగానే కావలసింది కాఫీ కాదు, దేవుడి పటమూ కాదు. నేరుగా ఎద్దుల కొట్టంలోకి వెళ్ళి ఏ ఎద్దు ఎంత పేడ వేసిందో చూసుకోవాలి. చూసి, "ఊఁ, బాగుండాది" అనుకుని, ఆ తర్వాతే ముఖం కడుక్కోవాలి. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. బళేపేటలో బండి తోలి బతికేవాడికి ఎద్దు కడుపు బాగుంటేనే తన కడుపు నిండేది. అదే పేటలో గాజుల అంగట్లో దిండుకు ఆనుకుని కూర్చునేవాళ్ళకు ఆ బాధ ఎట్లా తెలుస్తుంది?

ఆయనకు రెండు ఎద్దులు. ఎర్రటిది కెంచన్న, బూడిద రంగుది బూదన్న. కెంచన్న సంగతి వేరు, ఎవరు తోలినా నడుస్తాడు, ఎవరు మేత వేసినా తింటాడు. బూదన్న అట్లా కాదు. తల్లి చచ్చిన దూడను ఘాటి పశువుల జాతరలో ఎవడో అంటగడితే, తిమ్మరాయప్ప దాన్ని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఆయన భార్య భాగీరథమ్మ గంజిలో వేళ్ళు ముంచి, ఆ వేళ్ళు చీకించి దాన్ని బతికించింది. అందుకని బూదన్నకు ఆమే తల్లి. ఇంత ఎత్తు ఎద్దయినా ఆమె ముకుతాడు పట్టుకుంటే చాలు, పిల్లిలాగా వెంట నడిచేవాడు. ఒకసారి వంటింటి గడప దాటి లోపలికే వచ్చేశాడు కూడా.

బండ్ల వాళ్ళలో తిమ్మరాయప్పకు రెండు విషయాల్లో పేరు. ఒకటి, ఆయన ఎద్దు తోక ముట్టడు. మిగతావాళ్ళు గట్టు ఎక్కాలన్నా, బురద దాటాలన్నా తోక పట్టుకుని మెలితిప్పేవాళ్ళు. ఆయన నాలుక చప్పరిస్తే చాలు, రెండూ కదిలేవి. రెండోది, సోమవారం బండి కట్టడు. సోమవారం బసవన్న రోజు. ఆ రోజు ఎద్దులకు స్నానం, నొసట విభూతి, ఉడికిన ఉలవలు, విశ్రాంతి. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క లారీలు బొగ్గు మీద దగ్గుకుంటూ నడిచేవి. మిలిటరీ సామాను మోయడానికి బండ్ల కోసం జనం ఎగబడేవాళ్ళు. వారాలు మరిచి అందరూ తోలుతున్నారు. ఈయన మాత్రం, "యుద్ధం దొరలది, సోమవారం బసవన్నది" అని కదలలేదు. పట్టుదలంటే అదీ!

అట్లాంటి ఒక సోమవారం ఆయన దొడ్డబళ్ళాపురంలో జబ్బుపడిన చిన్నమ్మను చూడటానికి వెళ్ళాడు. బస్సు దారిలో రెండుచోట్ల ఆగిపోయి, చీకటి పడేవేళకు ఇల్లు చేర్చింది. కొట్టంలోకి తొంగి చూశాడు. రెండు ఎద్దులూ నిలబడి ఉన్నాయి. బూదన్న తల వంచుకుని ఉన్నాడు. నిద్రలో ఉన్నాడనుకుని వచ్చి అన్నం తిన్నాడు.

మంగళవారం పొద్దున బూదన్న వెనక నేల శుభ్రంగా ఉంది.

"ఏమే, వీడి పేడ యాడ?"

"నేనే ఎత్తేస్తిని" అంది భాగీరథమ్మ వంటింట్లోంచి. "ఈ పొద్దు బిరీన మెలకువ వచ్చినాది."

ఎందుకు నమ్మడు? పెళ్ళయినప్పటి నుంచీ ఆ ఇంట్లో పేడ ఎత్తేది ఆమె, పిడకలు చరిచేది ఆమె. బండి కట్టుకుని వెళ్ళాడు. బూదన్న ఈడ్చుకుంటూ నడిచాడు. ఈగలు ముసిరినా తోక ఆడించలేదు. ఎండ ఎక్కువైందేమోలే అనుకున్నాడు పిచ్చి మహారాజు. బుధవారం మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. మరునాడు ఎందుకో పెరటి గోడ వైపు చూశాడు. రోజూ రెండు ఎద్దుల పిడకలతో నిండే గోడ సగం ఖాళీగా ఉంది. పరుగున కొట్టంలోకి వెళ్ళి బూదన్న డొక్క మీద చెయ్యి వేశాడు. డొక్క రాయిలాగా గట్టిగా ఉంది. ఎద్దు మూలిగింది. తోక ఎత్తి చూస్తే, చేతిలోంచి తడిగుడ్డలాగా జారి పడింది. తిమ్మరాయప్ప అప్పటికప్పుడే వాణ్ణి ఆస్పత్రికి నడిపించుకుని వెళ్ళాడు.

పశువుల ఆస్పత్రిలో చంద్రశేఖర్ అని వయసులో చిన్న డాక్టరు ఉండేవాడు. మాట నెమ్మది, చెయ్యి గట్టిది. మోచేతి దాకా నూనె రాసుకుని లోపలికి చెయ్యి పెట్టి, గట్టిపడిన పేడ ఉండలు ఉండలుగా బయటికి తీశాడు. ఎద్దు కనీసం బిగపట్టనైనా లేదు. గుదం చుట్టూ గుండుసూదితో పొడిచి చూశాడు. చర్మం కూడా ముడుచుకోలేదు. తోక మొదట్లో వేళ్ళతో నొక్కి చూసి, ముఖం చిట్లించాడు.

"తోక ఎవరు తిప్పారు?"

"నా ఎద్దు తోక ఎవురూ ముట్టరు సామీ!"

"ముట్టారు. ఊరికే ముట్టలేదు, విరిచారు." డాక్టరు చెయ్యి కడుక్కుంటూ చెప్పాడు. "చూడు తిమ్మరాయప్పా, పేగులకు రోజూ ఎవరూ పని చెప్పక్కర్లేదు. వాటి గోడల్లోనే వాటి నరాలు ఉన్నాయి. మేత పడితే చాలు, అవే తోసుకుంటూ వెనక్కి పంపుతాయి. నీ ఎద్దు పేగులు ఇప్పటికీ తోస్తూనే ఉన్నాయి. చిక్కంతా చివర్లో ఉంది. పేడ వచ్చి చేరిందని వెన్నుకు కబురు పోవాలి. 'తొయ్యి, తలుపు తియ్యి' అని వెన్ను నుంచి తిరుగు కబురు రావాలి. ఆ కబురు మోసే నరాలు నడుము చివర, తోక మొదట్లో ఉంటాయి. అక్కడ ఎముక సడలింది, నరాలు నలిగిపోయాయి. రైలు వచ్చి నిలబడింది, గేటువాడికి కబురు లేదు. అంతే."

"బాగైతాడా సామీ?"

"నరాలు నలిగి ఉంటే కొన్ని నెలలకు కొంత రావచ్చు. తెగి ఉంటే రాదు. అందాకా రోజూ పేడ బయటికి రావాలి. రాకపోతే లోపల విషం ఎక్కి చస్తాడు. ఎట్లా తియ్యాలో నేర్పిస్తాను, చూడు."

నేర్చుకున్నాడు. పేడ పలచబడటానికి ఉప్పు మందు తాగించి, ఎద్దును తోలుకుని గేటు దాకా వచ్చాడో లేదో, రోడ్డు మీద మిలిటరీ లారీ ఒకటి ఢామ్మని పేలినట్టు చప్పుడు చేసింది. బూదన్న అదిరిపడ్డాడు. లోపల మిగిలిందంతా జారి కిందపడింది.

"వేసినాడు! సామీ, వేసినాడు!" అని తిమ్మరాయప్ప గంతులేశాడు.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "వాడు వేయలేదప్పా, భయం వేయించింది. భయపడితే ఒంట్లో నరాలన్నీ ఒక్కసారి గింజుకుంటాయి. పేగులు గబగబా తోసేస్తాయి. తలుపు వదులుగా ఉంది కాబట్టి ఆపుకోలేడు."

"ఎవురిని చూసి భయపడినా ఇంతేనా?"

"అంతే. కొట్టినవాణ్ణి చూసి పశువు పేడ వేసేయడం నువ్వు చూడలేదా ఏమి?"

ఎందుకు చూడలేదు? సంతలో ఎన్నిసార్లు చూశాడు! ఇంటిదాకా ఆ మాట ఆయన బుర్రలో తిరుగుతూనే ఉంది. ఎవడు? నేను ఊళ్ళో లేనిది సోమవారం ఒక్కటే. ఆ పూట కొట్టం దగ్గర ఉండవలసినవాడు మారప్ప.

మారప్ప పదేళ్ళకు పైగా ఆయన దగ్గర బండి మీద పనిచేస్తున్నవాడు. ఒకే కంచంలో తిన్నారంటే అబద్ధం కాదు. అయినా కోపం వచ్చినవాడికి కంచం గుర్తుంటుందా? వెళ్ళీ వెళ్ళగానే చెంప పగలగొట్టాడు.

"నా బిడ్డ తోక విరిచినావు గదరా!"

"నేను కాదప్పా. ఆ పొద్దు నేను ఇంటికాడ లేను."

"మరి యాడ చచ్చినావు?"

మారప్ప చెంప పట్టుకుని ఒకసారి గడప వైపు చూశాడు. అక్కడ భాగీరథమ్మ నిలబడి ఉంది. వాడు తల దించుకున్నాడు. "తాగేదానికి పొయ్యింటిని" అన్నాడు.

తిమ్మరాయప్ప ఇంకో రెండు తగిలించి, "నీ ముఖం చూపించొద్దు" అని గెంటేశాడు. భాగీరథమ్మ గడపలోనే నిలబడి చూసింది. మర్నాటి నుంచి ఆమె కొట్టం ఛాయలకు కూడా రాలేదు. నడుము పట్టేసిందని చెప్పింది. గంజి కాచి గడపలో పెడితే ఆయనే తీసుకెళ్ళి ఎద్దుకు తాగించాడు. ఎద్దుకు ఇట్లా అయిందని బెంగపెట్టుకుందనుకుని, పాపం, ఆమె నడుముకు ఆముదం కాచి రాశాడు కూడా. ఆ మనిషి అమాయకత్వం తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

కొట్టి గెంటేశాడు కానీ మనసు ఊరుకోలేదు. మారప్ప మళ్ళీ మళ్ళీ కాదన్నాడు. కాదంటే రుజువు చేసుకోనీ! పక్క కొట్టం అశ్వత్థప్ప పెద్దమనిషి. ఆయన్ను సాక్షిగా పిలుచుకొచ్చి, మారప్పకు కబురు పెట్టాడు. బూదన్నను పెరట్లో గుంజకు కట్టాడు.

"డాక్టరు చెప్పినాడు. తోక విరిచినోణ్ణి చూస్తే వీడు పేడ ఏస్తాడంట. నిలబడరా వీడి ముందర."

"సరేప్పా" అని మారప్ప వచ్చి నిలబడ్డాడు.

బూదన్న వాసన చూశాడు. మారప్ప భుజం మీది తువ్వాలు మూతితో లాగాడు. తర్వాత వాడి మెడ నాకడం మొదలుపెట్టాడు. వెనక ఒక చుక్క కూడా పడలేదు. మారప్ప కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూస్తివి గదప్పా తిమ్మరాయా" అన్నాడు అశ్వత్థప్ప. "సుమ్మనే, తప్పు లేని పేదోణ్ణి కొట్టినావు."

తిమ్మరాయప్పకు తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గు కప్పుకోవడానికి లోపలికి కేకేశాడు. "ఏమే, గంజి తెస్తావా లేదా? పొద్దు ఎక్కినాది, వీడు పస్తుండాడు!"

"గడపలో పెడతాను, తీసుకో" అంది లోపలినుంచి.

"నడవలేవా ఏమి? తీసుకురా అంటా ఉంటే!"

తర్వాత భాగీరథమ్మ గంజి బకెట్టు పట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని బయటికి వచ్చింది. ఆమె ఇంకా నాలుగు బారల దూరంలో ఉండగానే బూదన్న చెవులు వెనక్కి పడ్డాయి. గుంజ చుట్టూ తిరిగి తాడు తెంపుకోబోయాడు. కాళ్ళు వణికాయి. పలచటి పేడ ధారగా కాళ్ళ వెంబడి కారిపోయింది.

"వేసినాడు!" అని తిమ్మరాయప్ప రెండు చేతులూ ఎత్తి అరిచాడు. "ఏసినాడే భాగీ! చూడు, చూడు! నువ్వు వస్తానే..."

అక్కడ మాట ఆగిపోయింది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. అశ్వత్థప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఏదో పని గుర్తొచ్చినవాడిలాగా వెళ్ళిపోయాడు. మారప్ప నేల చూస్తున్నాడు.

"మారప్పా" అన్నాడు తిమ్మరాయప్ప. "ఆ సోమవారం యాడికి పొయ్యింటివి? నిజం చెప్పు."

"ఈ అక్కే ఆనేకల్లుకు పంపిచ్చెనప్పా. చొప్ప బేరం చూసి రమ్మని." అన్నాడు వాడు. "అక్క చేతి కూడు తిన్నోణ్ణి. నా నోటితో ఎట్ల చెప్పేది?"

భాగీరథమ్మ బకెట్టు కింద పెట్టి అక్కడే కూలబడింది. ఇక దాచడానికి ఏముంది? ఒక్కటొక్కటిగా బయటికి వచ్చింది. ఆమె తమ్ముడు జయరామప్ప జాలహళ్ళి మిలిటరీ వాళ్ళకు సామాను చేరవేస్తానని ఒప్పుకున్నాడు. ఆ వారమే వాడి ఎద్దు కాలు కుంటింది. సోమవారం సామాను చేరకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. బావ సోమవారం ఎద్దులివ్వడని వాడికీ తెలుసు, ఆమెకూ తెలుసు. బావ దొడ్డబళ్ళాపురం పోతున్నాడని కబురు పంపింది ఆమే. మారప్పను పంపించేసిందీ ఆమే.

"కెంచన్న నడిచినాడు" అంది వెక్కుతూ. "బూదన్న నడవలా. పొద్దున్నే స్నానం చేయించి విభూతి పెట్టింటివి గదా. కొత్త మనిషి, సోమవారం, కాడి కిందికి రానే రాలా. వచ్చినా కదల్లేదు. కాళ్ళు తన్నిపెట్టి నిలబడిపొయ్యినాడు. అప్పుడు జయరాముడు తోక పట్టుకున్నాడు."

"నువ్వేం చేస్తాంటివి?"

ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది.

"నిన్నే అడిగేది భాగీ. తోక మెలితిప్పితే వీడు కాడి ఇరగదొక్కి పొయ్యింటాడే! నిలబడి ఎట్ల తిప్పించుకునె?"

"నేను ముందర ముకుతాడు పట్టుకోనుంటిని" అంది భాగీరథమ్మ.

తిమ్మరాయప్ప గుంజకు ఆనుకున్నాడు. బావమరిది మీద కోపం వచ్చింది నిజమే, కానీ అది చిన్న కోపం. వాడెవడో బయటివాడు. ఎద్దు ముందు చూస్తే తల్లి ఉంది. తల్లి ఉంది కదా అని ఆ మూగజీవి నిలబడింది. వెనక ఎముక విరుగుతున్నా నిలబడింది. తను కూడా అట్లాగే నిలబడలేదా? 'నేనే ఎత్తేస్తిని' అంటే నమ్మలేదా? నడుముకు ఆముదం రాయలేదా? మారప్ప చెంపలు వాయిస్తుంటే గడపలో నిలబడి చూసిందే, ఆ ముఖం చూసి ధైర్యం తెచ్చుకోలేదా? ఎద్దు మెడ మీద ముఖం పెట్టి చిన్నపిల్లవాడిలాగా ఏడ్చాడు.

మారప్పను మళ్ళీ పనిలోకి రమ్మని అడిగాడు. కాళ్ళు పట్టుకోబోయాడు కూడా. "కోపం లేదప్పా" అన్నాడు మారప్ప, కానీ రాలేదు. ఇంకో బండిలో చేరిపోయాడు.

భాగీరథమ్మను ఆయన కొట్టలేదు, పుట్టింటికి తరమలేదు. పొద్దున్నే లేచి, "ఏమే, రా" అనేవాడు. ఆమె వచ్చి ఎద్దు ముందు నిలబడాలి. బూదన్న వణికేవాడు, గుంజ చుట్టూ తిరిగేవాడు, పేడ పడేది. "పడినాది, ఇంక పో" అనేవాడు. చెయ్యి పెట్టి తీస్తే లోపల గీసుకుని రక్తం వస్తోంది, ఇట్లా అయితే వాడికి నొప్పి లేదు అని అశ్వత్థప్పతో చెప్పాడు. ఎద్దు కోసమేనట! నమ్మేవాళ్ళు నమ్మండి. ఆమెను శిక్షించడానికి ఆ నోరులేని జీవిని రోజూ వణికించడం ఏం న్యాయమో ఆయనకే తెలియాలి. డాక్టరుకు తెలిసి చివాట్లు పెట్టాడు కూడా. తిమ్మరాయప్ప తల ఊపి వచ్చి, మర్నాడు మళ్ళీ "ఏమే, రా" అన్నాడు.

ఆమె వచ్చేది. ఒక్కరోజూ రానని అనలేదు. కళ్ళు మూసుకుని నిలబడేది. ఎద్దు వణుకు ఆగేదాకా, "నాయనా, నాయనా" అని లోపల్లోపల అనుకునేది. మొదట్లో దూరంగా నిలబడేది. పోను పోను ఒక అడుగు దగ్గరగా వచ్చేది. చేతిలో రవ్వంత బెల్లం, ఇన్ని ఉలవలు పట్టుకొచ్చి నేల మీద పెట్టి వెళ్ళేది. తిమ్మరాయప్ప చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

వానలు వెలిసిన తర్వాత ఒక పొద్దున ఆమె వచ్చి నిలబడింది. బూదన్న చెవులు వెనక్కి పోలేదు. గుంజ చుట్టూ తిరగలేదు. మెడ చాచి ఆమె చెయ్యి వాసన చూశాడు. ఆమె కదలకుండా, ఊపిరి బిగబట్టి నిలబడింది. బూదన్న గరుకు నాలుక బయటపెట్టి, దూడప్పుడు చీకినట్టే ఆమె వేళ్ళు నాకడం మొదలుపెట్టాడు. వెనక నేల మీద ఏమీ పడలేదు.

భాగీరథమ్మ బావురుమంది. రెండు చేతులతో ఎద్దు మూతి పట్టుకుని, దాని నొసలు తన నొసటికి ఆనించుకుంది. ఎన్ని నెలల తర్వాతో ఆ ముఖంలో వెలుగు వచ్చింది.

"చూస్తివా? ఏమయ్యా, చూస్తివా? నన్ను మరిచినాడు, నా తప్పు మరిచినాడు నా తండ్రి!" అని భర్త వైపు తిరిగింది. కన్నీళ్ళు తుడుచుకోకుండానే అడిగింది. "వాడే మరిచినాడు గదయ్యా. ఇంక నువ్వు కూడా..."

తిమ్మరాయప్ప ఎద్దు వెనక్కి వెళ్ళి డొక్క మీద చెయ్యి వేసి చూశాడు. గట్టిగా ఉంది. ఇక రోజూ తన చెయ్యి పెట్టి తియ్యవలసిందే. చొక్కా విప్పి గుంజకు తగిలించాడు. నూనె గిన్నె దగ్గరికి జరుపుకుని మోచేతి దాకా పట్టించాడు. ఆమె ఇంకా జవాబు కోసం చూస్తోంది.

"వాడు పశువు భాగీ, మరిచిపోగలడు" అన్నాడు తల ఎత్తకుండా. "నేను మనిషిని గదా. నువ్వు లోపలికి పో."